పాదుషాకు దొరకని వైద్యశాల

ఉర్దూ మీడియం బడిలో మొఘలుల పాఠం చెప్పడమంటే మాకు ఇన్నేళ్ళ తరువాత కూడా సరదాయే. జహంగీరు పాదుషా ఆగ్రా కోటకు వేలాడదీయించిన న్యాయపు గొలుసు మాట ఎత్తగానే పిల్లల కళ్ళు మెరుస్తాయి. కాని మొన్నామధ్య ఆ పాఠం మధ్యలో వెనుక బెంచీ కుర్రవాడొకడు లేచి, "సార్, పాదుషా బాగా తాగేవాడటగదా! మరి ఆయన్ని ఎవరూ ఆస్పత్రికి తీసుకుపోలేదా?" అని అడిగాడు. తరగతి అంతా గొల్లున నవ్వింది. మేము నవ్వలేకపోయాము. ఆ కుర్రవాని తండ్రి సంగతి మాకు తెలుసు. ఏ బడి, ఏ కుర్రవాడు అని మాత్రం పాఠకులు దయచేసి అడగవద్దు. "రేపు చెబుతాను బేటా" అని ఆ పూటకు తప్పించుకున్నాము. ఆ రేపటి జవాబే ఈ వ్యాసం.

జహంగీరు తన తాగుడు సంగతి దాచుకోలేదు. తన స్వీయచరిత్ర అయిన తుజుక్‌లో స్వయంగా రాసుకున్నాడు. పద్దెనిమిదో ఏట మొదలైన అలవాటు. అటక్ కోట దగ్గర తండ్రి అక్బరు సైన్యం విడిది చేసినప్పుడు వేటలో అలసిపోతే, ఒక ఫిరంగి ఉస్తాదు "ఒక్క గిన్నె పుచ్చుకోండి, బడలిక తీరుతుంది" అన్నాడట. ఒకటిన్నర గిన్నెల తియ్యటి ద్రాక్షసారాతో ఆరంభమైంది. తొమ్మిదేళ్ళు గడిచేసరికి రోజుకు ఇరవై గిన్నెలు, అదీ రెండుసార్లు కాచి దించిన ఘాటు సారా! పద్నాలుగు పగలు, మిగిలినవి రాత్రి. అన్నపానీయాలు లేవు, ఒక కోడి, ఒక రొట్టె, ముల్లంగి దుంప. చేతులు ఎంతగా వణికేవంటే గిన్నె తానుగా పట్టుకోలేక, పక్కవారు నోటికి అందిస్తే తాగేవాడట. హిందుస్తాన్‌కు కాబోయే చక్రవర్తి స్థితి అది.

అప్పుడు హకీం హుమాం వచ్చి ఖచ్చితంగా చెప్పాడు: ఇదే పద్ధతిలో ఇంకో ఆరు నెలలు పోతే ఇక మా చేతిలో ఏమీ ఉండదు. రాజకుమారుడితో అంత మాట అనడానికి ఎంత గుండె కావాలి! ప్రాణం తీపి గదా, జహంగీరు విన్నాడు. సారాలో ద్రాక్షరసం కలుపుతూ, కొద్ది కొద్దిగా తగ్గిస్తూ, ఏడేళ్ళకు ఆరు గిన్నెలకు దిగాడు. అయితే ఇక్కడే అసలు కిటుకు ఉన్నది. సారా తగ్గినకొద్దీ నల్లమందు కలిసిన ఫలూనియా అనే లేహ్యం పెరిగింది. తరువాత లేహ్యం పోయి ముద్ద నల్లమందే వచ్చింది. ఒక ద్వారం మూస్తే ఇంకొక ద్వారం తెరుచుకున్నది. 1605లో తఖ్తు ఎక్కగానే రాజ్యంలో ఎవరూ సారా కాయరాదు, అమ్మరాదు అని ఫర్మానా ఇచ్చాడు, ఆ వాక్యం పక్కనే తాను మాత్రం తాగుతూనే ఉన్నానని నిజాయితీగా ఒప్పుకున్నాడు కూడా. 1627లో పోయాడు.

ఆయన తమ్ముళ్ళిద్దరికీ ఆ మాత్రం అదృష్టం కూడా దక్కలేదు. మురాదు 1599లో దక్కన్‌లో ముప్పయ్యేళ్ళు నిండకుండానే తాగుడుతో పోయాడు. దానియాలు కథ ఇంకా ఘోరం. కొడుకు చేజారిపోతున్నాడని తెలిసి అక్బరు కట్టుదిట్టం చేయించాడు. ఖాన్-ఎ-ఖానాన్ మనుషులు కాపలా. ఒక్క చుక్క లోపలికి పోకూడదని ఆజ్ఞ. దానియాలు తన తుపాకీవాణ్ణి పట్టుకొని ఏడ్చి బతిమాలుకున్నాడు. ఆయనకు ముద్దుగా పేరు పెట్టుకున్న తుపాకీ ఒకటి ఉండేది, "యకా-ఓ-జనాజా" అని. ఆ పేరులోనే జనాజా ఉన్నది చూడండి! తుపాకీ గొట్టంలో ఘాటు సారా పోసి తెచ్చారు. లోపలి మందుగుండు మసి, తుప్పు ఆ సారాలో కరిగాయి. అది తాగి పడినవాడు మళ్ళీ లేవలేదు. 1605, వయసు ముప్పైరెండు.

ఈ భాగాన్ని మేము చాలాసార్లు చదివాము. చదివినప్పుడల్లా ఒకటే అనిపిస్తుంది. అక్బరు ఏం తక్కువ చేశాడు? కాపలా పెట్టాడు, సరుకు ఆపాడు, దండించాడు, ప్రేమించాడు. మనిషి చుట్టూ గోడ కట్టాడు గాని, ఆ గోడ లోపల మనిషికి ఏమి ఇవ్వాలో ఆ కాలానికి తెలియలేదు. కాపలావాళ్ళు కూడా నౌకర్లే, యువరాజు కన్నీళ్ళు పెట్టుకుంటే ఎంతసేపు నిలుస్తారు?

వీళ్ళ ముత్తాత బాబరు మార్గం వేరు. 1527లో ఖాన్వా యుద్ధానికి ముందు తౌబా చేసి, బంగారు వెండి గిన్నెలు పగులగొట్టించి బీదలకు పంచాడు. ఈ ఘట్టం మన వక్తలందరికీ ఇష్టం, ప్రతి జల్సాలోనూ వింటాము. కాని రెండేళ్ళ తరువాత, 1529లో, ఆయన తన మిత్రుడు ఖ్వాజా కలాన్‌కు రాసిన ఉత్తరం ఎవరూ చెప్పరు. ఈ రెండేళ్ళూ మధువు మీద మనసు లాగి లాగి ఒక్కొక్కప్పుడు కళ్ళనీళ్ళ దాకా వచ్చిందని అందులో రాసుకున్నాడు. మాజూన్ అనే మత్తు లేహ్యం మాత్రం ఆయన మానలేదు. తౌబా ఒక్క క్షణంలో అవుతుంది. శరీరం, మనసు ఆ తౌబాను అందుకోవడానికి సంవత్సరాలు పడుతుంది. బాబరు వంటి గుండె గలవాడికే అలాగైతే, మన పేటలో మేస్త్రీ పనివాడి మాట ఏమిటి!

మన హకీములకు రోగం తెలియక కాదు. పదహారో శతాబ్దంలో ఇరాన్‌లోని ఇమాదుద్దీన్ మహమూద్ షీరాజీ నల్లమందు మీదనే ప్రత్యేకంగా ఒక రిసాలా రాశాడు. 1284లోనే కైరోలో సుల్తాన్ ఖలావూన్ కట్టించిన బీమారిస్తాన్‌లో రోగానికి ఒక విభాగం చొప్పున ఉండేది. వైద్యం ఉన్నది, ఆసుపత్రి ఉన్నది. మత్తు వ్యసనాన్ని ఒక రోగంగా ఎంచి, ఆ రోగి కోసమే ఒక ఇల్లు కట్టాలన్న ఆలోచన రావడానికి ఇంకా చాలా కాలం పట్టింది.

అది అమెరికాలో వచ్చింది. న్యూయార్కు రాష్ట్రం బింగ్‌హామ్టన్‌లో డాక్టర్ ఎడ్వర్డ్ టర్నర్ పట్టుబట్టి తాగుబోతుల కోసమే పెద్ద కోటవంటి ఆసుపత్రి కట్టించాడు. 1864లో తెరిచారు. పదిహేనేళ్ళు తిరిగేసరికి, 1879లో, అది విఫలమైందని తేల్చి పిచ్చాసుపత్రిగా మార్చేందుకు ప్రభుత్వం నిర్ణయించింది. అదే ఏడు ఇల్లినాయి రాష్ట్రంలో లెస్లీ కీలీ అనే డాక్టరు "బంగారపు మందు" ఇంజక్షనంటూ తన వైద్యశాల పెట్టాడు. మందులో ఏముందో ఎవరికీ చెప్పలేదు. ఆయన 1900లో పోయాక ఆ వైభవం కూడా తరిగిపోయింది. అయినా అక్కడికి వెళ్ళి బాగుపడినవారు లేకపోలేదు. మా ఊహ, మందు వల్ల కాదు. రోగులను గౌరవంగా చూసేవారు, తాళం వేసేవారు కాదు, తోటి రోగులు ఒకరికొకరు తోడుగా ఉండేవారు.

ఈ తోడు అన్నదానికి 1935లో పేరు వచ్చింది. ఒహాయో రాష్ట్రం ఏక్రన్ పట్టణంలో బిల్ విల్సన్ అనే షేర్ల వ్యాపారి, బాబ్ స్మిత్ అనే సర్జను, ఇద్దరూ తాగుబోతులే, కూర్చొని మాట్లాడుకున్నారు. ఒక తాగుబోతు మాట ఇంకొక తాగుబోతుకే ఎక్కుతుందని కనిపెట్టారు. అదే ఆల్కహాలిక్స్ అనానిమస్, ఈనాడు మన నగరాల్లోనూ సమావేశాలు జరుపుతున్న సంఘం.

దీన్ని, వైద్యాన్ని, ఇంటిని కలిపినది మిన్నెసోటా రాష్ట్రం. అక్కడి విల్మార్ ప్రభుత్వ ఆసుపత్రిలో తాగుబోతులను మతి చలించినవారితో కలిపి తాళాల వెనుక ఉంచేవారు. 1950ల ఆరంభంలో డాక్టర్ నెల్సన్ బ్రాడ్లీ, మనస్తత్వ శాస్త్రం చదివిన డేనియల్ ఆండర్సన్ (ఈ డేనియల్, మన దానియాలు, పేరు ఒకటే!) ముందుగా ఆ తలుపుల తాళాలు తీయించారు. తాగుడు మానినవారినే జీతమిచ్చి సలహాదారులుగా పెట్టారు. అదే రాష్ట్రంలో 1949లో ఒక పొలంలోని ఇంట్లో హేజెల్డన్ మొదలైంది. అక్కడి నియమాలు వింటే మన హాస్టలు పిల్లల నియమాలే అనిపిస్తుంది: నీ పక్క నువ్వే సర్దుకో, మర్యాదగా మసలుకో, పాఠాలు విను, తోటివారితో మాట్లాడు. మేము మొదటిసారి చదివినప్పుడు ఇంతేనా అనుకున్నాము. వణికే చేతులతో మరొకరు గిన్నె అందిస్తే తాగిన మనిషికి తన దుప్పటి తాను మడత పెట్టుకోవడం చిన్న పని కాదని తరువాత తోచింది.

ఆ ఇళ్ళలో జరిగేది క్లుప్తంగా చెబుతాము. మొదటి రోజులు వైద్యుడివి. ఏళ్ళ తరబడి తాగినవాడు ఒక్కసారిగా ఆపితే రెండో మూడో రోజున ఫిట్స్ రావచ్చు, లేనివి కనబడవచ్చు, ప్రాణమే పోవచ్చు. కాబట్టి "గదిలో వేసి గొళ్ళెం పెట్టండి, రెండ్రోజుల్లో వాడే దిగివస్తాడు" అనే పెద్దలను నమ్మవద్దు. 2015 సెప్టెంబరులో తెలంగాణలో కల్తీకల్లు మీద దాడులు జరిగి కల్లు ఒక్కసారిగా ఆగిపోయినప్పుడు నిజామాబాదు, మహబూబ్‌నగర్ వైపు ఎంతమంది వణుకుతో, వింత చేష్టలతో ఆసుపత్రులకు పరుగెత్తారో పత్రికల్లో అందరూ చదివారు. శరీరం కుదుటపడ్డాక రెండు మూడు వారాల అసలు పని మొదలవుతుంది. వేళకు తిండి, నిద్ర, వ్యాయామం, ప్రార్థన లేదా ధ్యానం, నలుగురిలో కూర్చొని తన కథ తానే చెప్పుకోవడం, భార్యాబిడ్డలను పిలిపించి వారి మాట వినిపించడం. ఇంటికి పోయాక నెలల తరబడి మళ్ళీ మళ్ళీ రావడం. మళ్ళీ జారినవారు చాలామంది ఉంటారు. బీపీ, షుగరు రోగి పథ్యం తప్పినట్టే అది.

మంచి మాటే గదా అని ప్రతి ఇంటినీ నమ్మరాదు. కాలిఫోర్నియాలో 1958లో పెట్టిన సినానాన్ మత్తు మాన్పించడంలో గొప్ప పేరు తెచ్చుకొని, పోను పోను నాయకుడి మాటే వేదమై, చివరకు 1978లో తమకు ఎదురు నిలిచిన వకీలు ఇంటి ఉత్తరాల పెట్టెలో తాచుపాము వంటి విషసర్పాన్ని పెట్టేదాకా పోయింది. మన దగ్గర గాయం ఇంకా పెద్దది. 2001 ఆగస్టు 6న తమిళనాడు ఏర్వాడిలో, దర్గా నీడన స్వస్థత దొరుకుతుందని కుటుంబాలు తెచ్చి అప్పగించిన మానసిక రోగులు గొలుసులతో కట్టబడి ఉండగానే మంటలు లేచి 28 మంది కాలిపోయారు. దర్గాకు పోవద్దని మేము అనడం లేదు. గొలుసు మాట చెబుతున్నాము. 2017 మానసిక ఆరోగ్య చట్టం ఏ రూపంలోనూ గొలుసు వేయరాదని నిషేధించింది, మత్తు వల్ల వచ్చే మానసిక స్థితులను కూడా ఆ చట్టం పరిధిలోకే తెచ్చింది. కొట్టే కేంద్రం, గొలుసు వేసే కేంద్రం, మనిషిని చూడనివ్వని కేంద్రం ఎంత పెద్ద బోర్డు పెట్టుకున్నా వైద్యశాల కాదు.

మన దక్షిణాదిన ఈ పనికి పునాది వేసినది ఒక వితంతువు. కేంద్ర ఆర్థికమంత్రిగా చేసిన టి.టి. కృష్ణమాచారి గారి మనుమడు రంగనాథన్ 1979లో తాగుడుకు బలైపోయాడు. డబ్బు లేకనా, డాక్టర్లు లేకనా? ఆ ఇంటికి ఏ లోటూ లేదు. ఆయన భార్య శాంతి రంగనాథన్ అమెరికా వెళ్ళి ఈ పని నేర్చుకొని వచ్చి 1980లో మద్రాసులో భర్త పేరిట సంస్థ పెట్టారు. రోగితో పాటు ఇంటివాళ్ళకు కూడా అక్కడ విడిగా తరగతులు ఉంటాయి, రోగం ఇల్లంతటికీ పట్టినది గనుక. నగరానికి రాలేనివారి కోసం 1989లో మంజక్కుడి అనే పల్లెలోనే శిబిరం నడిపారు. 1992లో ఆమెకు పద్మశ్రీ వచ్చింది. భర్త ఏ రోగంతో పోయాడో నలుగురిలో పైకి చెప్పుకోవడం బిరుదుకన్నా పెద్ద సంగతి అని మా అభిప్రాయం.

ఎందుకంటే మనం చెప్పుకోము. 2019లో వెలువడిన జాతీయ సర్వే ప్రకారం దేశంలో మద్యానికి బానిసైన ప్రతి 38 మందిలో ఒకరికే ఏదో ఒక చికిత్స అందింది, ఆసుపత్రిలో చేరి తీసుకున్నది 180 మందిలో ఒక్కరు. మన ఇళ్ళలో ఆ లెక్క ఇంకా తక్కువే ఉంటుందని మాకు అనుమానం. హరాం గనుక మన ఇంట్లో అది లేనే లేదు అంటాము. లేని రోగానికి వైద్యం ఎక్కడిది? ఇజ్జత్ కోసం ఆడవాళ్ళు నోరు కుట్టుకుంటారు, లేదా ఎవరో ఇచ్చిన పొడిని తెలియకుండా చాయ్‌లో కలుపుతారు. అటువంటి మందు తెలియక తిన్నవాడు పైన సారా పోస్తే ప్రాణం మీదికి రావచ్చు.

మన సంఘం వైద్యసహాయ రిజిస్టరును లెక్కల తనిఖీ కోసం మేము రెండేళ్ళు తిరగేశాము. గుండె, కిడ్నీ, కాన్పు, కంటి ఆపరేషను, అన్నీ ఉన్నాయి. కామెర్లు చాలాచోట్ల ఉన్నది. ఒకటి రెండు జనాజాలకు మేమూ భుజం పట్టాము, అక్కడున్నవారందరికీ అవి ఏ కామెర్లో తెలుసు. తాగుడు అన్న మాట ఆ రిజిస్టరులో ఒక్క పేజీలోనూ లేదు.

మరునాడు ఆ కుర్రవాడికి తరగతిలో పాదుషా సంగతంతా చెప్పాము. బడి విడిచాక వరండాలో నిలబెట్టి, 14446 అనే ప్రభుత్వ ఉచిత ఫోను నంబరు కాగితం మీద రాసి, అమ్మీకి ఇమ్మన్నాము. జేబులో పెట్టుకున్నాడు, ఏమీ అనలేదు. దరఖాస్తులో రోగి పేరు బయటపడకుండా, కార్యదర్శి ఒక్కరికే తెలిసేలా ఈ చికిత్సకు సహాయం ఇచ్చే పద్ధతి పెట్టాలని కోరుతూ వచ్చే జనరల్ బాడీ సమావేశానికి మేము ఒక తీర్మానం రాసి ఇచ్చియున్నాము. బలపరచడానికి ఇంకొక సభ్యుని సంతకం కావాలి.