జపానీ లతా? అస్సాం లతా? ఒక కలుపు తీగ చెప్పే దక్షిణాసియా చరిత్ర

ధృతరాష్ట్ర కౌగిలి అంటే మనందరికీ తెలుసు. ప్రేమగా దగ్గరికి తీసుకున్నట్టే తీసుకుని నలిపేయడం. కేరళలో ఒక కలుపు తీగకు 'ధృతరాష్ట్ర పచ్చ' అని పేరు. శాస్త్రీయ నామం మికానియా మైక్రాంథా. అస్సాంలో దీన్నే 'జపానీ లతా' అంటారు. సరిహద్దు దాటి బంగ్లాదేశ్ వెళ్తే 'ఆసాం లతా', 'రిఫ్యూజీ లతా'. నేపాల్‌లో 'లహరే బన్‌మారా', అంటే అడవిని చంపే తీగ. ప్రిలిమ్స్ కోసం మనం దీన్ని జాబితాలో ఒక పేరుగా బట్టీ పడతాం. కానీ ఈ పేర్లలోనే అసలు చరిత్ర ఉంది.

గుర్తింపు

ఇది పొద్దుతిరుగుడు కుటుంబపు తీగ. ఆకులు హృదయాకారంలో, కణుపు దగ్గర ఎదురెదురుగా, జతలుగా ఉంటాయి. చిన్న తెల్లని పూలు గుత్తులుగా పూస్తాయి. నూగు ఉన్న గింజలు గాలికి ఎగురుతాయి. నేలను తాకిన ప్రతి కణుపూ వేరు పోస్తుంది. చెట్టు పైకి పాకి, ఎండ తగలకుండా కప్పేసి, దాన్ని చంపుతుంది.

ఎలా వచ్చింది?

దీని పుట్టిల్లు మధ్య, దక్షిణ అమెరికా. జపాన్ కాదు, అస్సాం కాదు. రెండో ప్రపంచ యుద్ధంలో ఈశాన్య భారతంలోని వైమానిక స్థావరాలను శత్రు విమానాల కంట పడకుండా కప్పడానికి దీన్ని తెచ్చారన్న కథనం బాగా ప్రచారంలో ఉంది. 1944లో జపాన్ సైన్యం ఇంఫాల్, కోహిమా దాకా వచ్చింది. ఆ జ్ఞాపకమే పేరులో మిగిలి ఉండవచ్చు.

రెండో దారి తోటలు. నేల కోతకు గురికాకుండా, తేమ ఆరిపోకుండా తేయాకు, రబ్బరు తోటల్లో దీన్ని కవర్ క్రాప్‌గా వాడారు. ఇండోనేషియాలో బొగోర్ బొటానికల్ గార్డెన్‌కు 1949లో పరాగ్వే నుంచి తెప్పించారు. 1956 నాటికి రబ్బరు తోటల్లో పరిచారు. నేపాల్‌లో ఇది 1963లో ఇలాంలో నమోదైంది. అది డార్జిలింగ్‌ను ఆనుకుని ఉన్న తేయాకు జిల్లా. అక్కడి నుంచి పశ్చిమానికి పాకి, చిత్వాన్ జాతీయ పార్కులో ఒంటికొమ్ము ఖడ్గమృగం మేసే మొక్కలనే కప్పేసింది.

నియంత్రణ

కోసి పారేస్తే చాలదు. తెగిన ముక్కలో కణుపు ఉంటే మళ్లీ మొలుస్తుంది. అందుకే పూత రాకముందే వేళ్లతో పెకిలించాలి, ముక్కలను ఏరి ఎండబెట్టి కాల్చాలి, ఏటా తిరిగి చూడాలి. కలుపు మందు పనిచేస్తుంది కానీ అభయారణ్యంలో చల్లితే పక్క మొక్కలూ పోతాయి.

మూడో మార్గం జీవ నియంత్రణ. ట్రినిడాడ్ నుంచి తెచ్చిన పక్సీనియా స్పెగజ్జినీ అనే తుప్పు తెగులు శిలీంధ్రాన్ని 2005-06లో అస్సాం, కేరళల్లో వదిలారు. ఇక్కడ అది నిలదొక్కుకోలేదు. తైవాన్, పాపువా న్యూగినీ, ఫిజీల్లో నిలదొక్కుకుంది. ఒక చోట ఫలించిన పరిష్కారం మరో చోట ఫలిస్తుందన్న హామీ లేదన్నమాట.

మనకు పాఠం

1914 నాటి విధ్వంసక కీటకాలు, తెగుళ్ల చట్టం పంటలకు హాని చేసే వాటి మీదే దృష్టి పెట్టింది. తోటకు లాభమనుకున్న తీగ అడవికి ఏం చేస్తుందని అడిగినవారు లేరు. 2022 వన్యప్రాణి సంరక్షణ సవరణ చట్టం 'ఆక్రమణకారి విదేశీ జాతి'ని నిర్వచించి, వాటి దిగుమతిని నియంత్రించే అధికారం కేంద్రానికి ఇచ్చింది. కానీ ఈ తీగ అప్పటికే లోపల పాతుకుపోయింది.

ఇక పేర్ల సంగతి. అస్సాం జపాన్‌ను అంటోంది, బంగ్లాదేశ్ అస్సాంను, శరణార్థులను అంటోంది. మనం వయ్యారిభామను 'కాంగ్రెస్ గడ్డి' అనడమూ ఇలాంటిదే. ఇల్లు వదిలి ప్రాణాలతో వచ్చిన శరణార్థి ఈ తీగను తేలేదు. తేయాకు దిగుబడి లెక్కలు, బహుశా యుద్ధ అవసరాలు తెచ్చాయి. మెయిన్స్‌లో 'కారణాలు' రాసేటప్పుడు ఈ తేడా గుర్తుంచుకుంటే సమాధానం నిజాయితీగా ఉంటుంది.

సాధన ప్రశ్న: "ఆక్రమణకారి జాతుల సమస్య పర్యావరణానిదే కాదు, వలస పాలన ఆర్థిక విధానాలది కూడా." దక్షిణాసియా ఉదాహరణలతో చర్చించండి. (250 పదాలు)