పులుపుతో మొదలుపెట్టండి

దవావోలోనూ మనీలాలోనూ వైద్యం చదువుతున్న పిల్లల్ని చూడటానికి తెలుగు తల్లిదండ్రులు ఏటా ఫిలిప్పీన్స్ వస్తుంటారు. బయలుదేరే ముందు వాళ్లు నన్ను అడిగేది ఒకటే: అక్కడ మనం తినగలిగేది ఏముంటుంది? పచ్చళ్లు, పొడులు, ఉప్మా పొట్లాలు సర్దుకునే వస్తారు. తప్పులేదు, పరాయి ఊరు. కానీ ఆ పొట్లాలతోనే వారం గడిపి వెళ్లిపోతే మాత్రం నాకు బాధేస్తుంది. ఈ దేశం కథ కోటల్లో, చర్చిల్లో ఎంత ఉందో వంటిళ్లలోనూ అంతే ఉంది. స్పెయిన్ మూడు వందల ముప్పై ఏళ్లకు పైగా ఏలింది, అమెరికా దాదాపు యాభై ఏళ్లు, జపాన్ మూడేళ్లు. అందరూ ఈ వంటింట్లోకి ఏదో ఒకటి తెచ్చిపెట్టారు. అయినా అడుగున పులుపు మాత్రం ఈ దీవులవాళ్లదే, ఎవరూ తెచ్చింది కాదు.

కాబట్టి మొదటి పూట సినిగాంగ్ తినండి. పచ్చి చింతకాయలు ఉడికించి, పిసికి, ఆ రసంలో రొయ్యలో చేపో పంది మాంసమో వేస్తారు. ముల్లంగి, బెండ, వంకాయ, చేమదుంప, పొడవాటి చిక్కుళ్లు, నిలువునా రెండు పచ్చిమిరపకాయలు, దించే ముందు తూటికూర. పోపు లేదు, పసుపు లేదు. గోదావరి చేపల పులుసు తిని పెరిగినవాళ్లకి మొదటి గుక్కలోనే చుట్టరికం తెలుస్తుంది, చిక్కదనమూ తక్కువే. చింత దొరకని చోట జామపండు, పచ్చి మామిడి, కమియాస్ అనే పుల్లటి కాయ వేస్తారు. నెగ్రోస్ ప్రాంతంలో బటువాన్ అనే కాయ వేస్తారు. ఏడు వేలకు పైగా దీవులున్న దేశం ఇది. ఏ చెట్టు పులుపునిస్తే ఆ ఊరి సినిగాంగ్ అదే.

ఏడాది పొడుగునా ఉక్కపోసే ఈ నేల మీద చేప గంటల్లో పాడైపోతుంది. దాన్ని నిలవ ఉంచేది సుకా, అంటే కొబ్బరి కల్లునో నీపా కల్లునో చెరకు రసాన్నో పులియబెట్టి తీసిన వెనిగర్. తాజా వంజరం ముక్కల్ని నిప్పు తగలనివ్వకుండా సుకాలో వేసి, అల్లం, ఉల్లి, మిరప కలిపితే కినిలావ్. మిందనావోలోని బుటువాన్ తవ్వకాల్లో చేప ముళ్లతో పాటు తబోన్-తబోన్ కాయ చెక్కలు బయటపడ్డాయి. వాటి వయసు ఇంచుమించు వెయ్యేళ్లు. నీచు వాసన పోవడానికి ఆ కాయ గుజ్జును ఇవాళ్టికీ అక్కడ కినిలావ్‌లో పిండుతారు. 1521లో స్పెయిన్ పంపిన నావికుడు మాజెల్లాన్ ఓడలు వచ్చేనాటికే ఈ వంట పాతబడిందన్నమాట. మాజెల్లాన్ మక్తాన్ దీవిలో స్థానిక నాయకుడు లాపులాపు మనుషుల చేతిలో చనిపోయాడు. స్పెయిన్ స్థిరంగా కాలూనింది 1565లో, మనీలాను రాజధాని చేసుకుంది 1571లో.

అందరూ ఈ దేశపు వంట అనగానే చెప్పే అడోబో కూడా సుకా బిడ్డే. కోడినో పంది మాంసాన్నో సుకా, వెల్లుల్లి, మిరియాలు, బిర్యానీ ఆకుతో ఉడికిస్తారు. స్పెయిన్ నుంచి వచ్చిన ఒక మతగురువు కూర్చగా 1613లో పిలా పట్టణంలో అచ్చయిన తగలోగ్ నిఘంటువులోనే ఈ వంట ప్రస్తావన ఉంది. ఇప్పుడు చాలామంది అందులో పోసే సోయా సాస్ చైనా వర్తకుల నుంచి వచ్చింది. అది కలపని తెల్ల అడోబో ఎక్కడైనా కనిపిస్తే వదలకండి, నా ఓటు దానికే. చైనావాళ్లు తెచ్చినదాంట్లో పెద్దది పాన్సిత్, అంటే నూడుల్స్. 1594లో ఏర్పడిన బినోండో పేటలో తినండి.

ఇక మనవాళ్లు తెలుసుకోవలసిన వంట కారే-కారే; దాని కథ ఓడలతో మొదలవుతుంది. 1565 నుంచి 1815 దాకా మనీలాకీ మెక్సికోలోని అకపుల్కోకీ మధ్య స్పెయిన్ ఓడలు తిరిగాయి. అటు చైనా పట్టు, పింగాణీ, మన కోరమాండల్ తీరపు నూలుబట్టలు వెళ్లాయి. ఇటు వెండి, దాంతో పాటు టమాటా, మొక్కజొన్న, బొప్పాయి, కోకో, వేరుశనగ, జాఫ్రా గింజలు వచ్చాయి. 1762లో స్పెయిన్, బ్రిటన్‌ల మధ్య యుద్ధం వచ్చినప్పుడు మద్రాసు నుంచి ఓడలు బయలుదేరి అక్టోబరులో మనీలాను పట్టుకున్నాయి. వాటిలో ఈస్టిండియా కంపెనీ సిపాయిలున్నారు. 1764లో బ్రిటిష్‌వాళ్లు వెళ్లిపోయినా ఆ సిపాయిల్లో కొందరు మనీలా పక్కనున్న కైంటాలో ఉండిపోయి, అక్కడి ఆడపిల్లల్నే పెళ్లాడారు. వాళ్ల సంతతి ఇప్పటికీ ఆ ఊళ్లో ఉంది. కూర మీద బెంగతో, దొరికిన దినుసులతో వాళ్లు వండుకున్నదే కారే-కారే అని ఒక కథ చెబుతారు. పంపాంగా ప్రాంతంవాళ్లు మాత్రం అది ముమ్మాటికీ మాదే అంటారు. ఎవరిదైనా గిన్నెలో ఉన్నది చూడండి: అకపుల్కో ఓడలు తెచ్చిన వేరుశనగ ముద్ద, రంగుకి జాఫ్రా, చిక్కదనానికి వేయించిన బియ్యప్పిండి, అరటిపువ్వు, వంకాయ, నంజుకోవడానికి బగోఓంగ్ అనే ఉప్పటి రొయ్యల ముద్ద. మామూలుగా ఎద్దు తోకతో వండుతారు. అది తినని ఇళ్లవాళ్లు రొయ్యలు, పీతలతో చేసింది అడగండి, చాలాచోట్ల దొరుకుతుంది.

తినోలా గురించి చెప్పకపోతే ఈ దేశపు జాతీయ వీరుడు, రచయిత హోసే రిసాల్‌కి అన్యాయం చేసినట్టే. కోడి, అల్లం, పచ్చి బొప్పాయి లేదా సొర, మునగాకు లేదా మిరపాకుతో చేసే పల్చటి వంట ఇది. 1887లో వచ్చిన రిసాల్ నవల ‘నోలి మే తాంగెరే’లో ఒక విందు ఉంది. యూరప్ నుంచి తిరిగొచ్చిన యువకుడు ఇబార్రా పళ్లెంలో కోడి మంచి ముక్కలు పడతాయి. ఇబార్రా ఊరిని శాసించిన స్పానిష్ మతగురువు దమాసోకి మెడ, రెక్క వస్తాయి. గురువు కోపంతో సొరకాయ ముక్కల్ని నలిపేస్తాడు. వలసపాలనలో ఎవరి అహం ఎక్కడ ఉండేదో ఆ సూప్ గిన్నె చెప్పినంత సూటిగా చెప్పిన చరిత్ర పుస్తకం నేను చదవలేదు. 1896 డిసెంబరు 30న స్పెయిన్ రిసాల్‌ని కాల్చి చంపింది. రెండేళ్లు తిరక్కుండానే స్పెయిన్ పాలన ముగిసింది.

స్పెయిన్ తర్వాత వచ్చిన అమెరికావాళ్లు 1902లో మనీలాలో ఐస్ ఫ్యాక్టరీ కట్టారు. ఇక్కడ స్థిరపడ్డ జపాన్‌వాళ్లు పాకం పట్టిన పప్పుగింజల మీద ఆ ఐస్ తురిమి పాలు పోసి అమ్మారు. అది పెరిగి పెరిగి హాలో-హాలో అయింది. మధ్యాహ్నపు ఎండలో తినండి.

అరటిపండు కెచప్ సీసా ప్రతి బల్ల మీదా కనిపిస్తుంది. దయచేసి చిన్నచూపు చూడకండి. దాన్ని రూపొందించిన మరియా ఒరోసా సియాటిల్‌లో రసాయనశాస్త్రం చదివి, దిగుమతుల మీద ఆధారపడే తన దేశం సొంత పంటతో బతకాలని తిరిగొచ్చిన శాస్త్రవేత్త. జపాన్ ఆక్రమణలో సోయాతో బలవర్ధకమైన పొడి చేసి, మనీలాలోని సాంతో తోమాస్ నిర్బంధ శిబిరంలో ఆకలితో ఉన్న ఖైదీలకు రహస్యంగా చేర్పించింది. ఊరు వదిలి వెళ్లమని ఇంట్లోవాళ్లు బతిమాలినా కదల్లేదు. 1945 ఫిబ్రవరిలో మనీలా యుద్ధంలో ఫిరంగి గుండ్ల తునకలు తగిలి చనిపోయింది. మనీలాలోని ఎర్మితాలో ఆమె పేరిట వీధి ఉంది, వీలైతే ఒకసారి నడిచి రండి.

మాంసం ముట్టనివాళ్లు శుక్రవారం మధ్యాహ్నం ఏదైనా కరిండెరియాకు, అంటే చిన్న భోజనశాలకు వెళ్లండి. గిన్నెలన్నీ ముందు వరసగా పెట్టి ఉంటాయి, వేలితో చూపిస్తే వడ్డిస్తారు. శుక్రవారం మాంసం మానే క్యాథలిక్ అలవాటు వల్ల ఆ రోజు పెసలు వండుతారు: వెల్లుల్లి, ఉల్లి, టమాటాతో వేయించి, మునగాకో కాకరాకో వేసి. కాకపోతే ఎండు చేపలు, రొయ్యలు కలిపేవాళ్లున్నారు, పైన పంది తోలు వడియాలు చల్లేవాళ్లూ ఉన్నారు. వడ్డించే ఆమెను ‘అతే’ అని పిలవండి, అంటే అక్క. ‘వాలా పోంగ్ కార్నే, వాలా పోంగ్ ఇస్దా?’ అని అడగండి, మాంసం, చేప లేవు కదండీ అని. ఉంటే ఉన్నాయనే చెబుతుంది. అన్నం సరిపోకపోతే ‘ఎక్స్‌ట్రా రైస్’ అంటే చాలు.