శవ పంచనామా

సహజంగా రాని మరణం సంభవించినప్పుడు పోలీసు అధికారి మృతదేహం ఉన్న చోటికే వెళ్లి, స్థానిక పెద్దమనుషుల సమక్షంలో దాన్ని పరిశీలించి, మరణానికి పైకి కనిపించే కారణాన్ని నమోదు చేసే ప్రక్రియ శవ పంచనామా. ఇంక్వెస్ట్ అన్నా ఇదే. 2024 జూలై 1 నుంచి దీనికి చట్టపరమైన ఆధారం భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 194వ సెక్షన్. అంతకుముందు 1973 నాటి సీఆర్‌పీసీలో 174వ సెక్షన్ ఉండేది. ఆత్మహత్య, హత్య, ప్రమాదం, జంతువు వల్ల లేదా యంత్రం వల్ల కలిగిన చావు, మరొకరి నేరం ఉందేమోనని అనుమానం కలిగించే చావు దీని కిందికి వస్తాయి.

సమాచారం అందగానే స్టేషన్ అధికారి దగ్గర్లోని ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటుకు కబురు పంపి ఘటనాస్థలికి బయల్దేరాలి. పంచనామాకు ఆ చుట్టుపక్కల నివసించే కనీసం ఇద్దరు గౌరవనీయులు ఉండాలి. తెలుగు రాష్ట్రాల రికార్డుల్లో వీరిని పంచాయతీదారులు అంటారు. మృతుణ్ని చివరిసారి ప్రాణాలతో చూసిందెవరు, శవంగా మొదట చూసిందెవరు, ఒంటిమీద ఏ గాయాలు ఎక్కడున్నాయి, ఏ ఆయుధంతో అయి ఉండవచ్చు అన్న వివరాలు రాసి, వారి అభిప్రాయంతో సంతకాలు తీసుకుంటారు. కొత్త చట్టం ప్రకారం ఈ నివేదిక 24 గంటల్లోగా జిల్లా మేజిస్ట్రేటుకో సబ్ డివిజనల్ మేజిస్ట్రేటుకో చేరాలి.

బ్రిటిష్ కాలంలో బొంబాయి, కలకత్తా నగరాల్లో ఈ పనికి కరోనర్ అనే ప్రత్యేకాధికారి ఉండేవాడు. ఆ పదవి ఇప్పుడు లేదు. చావుకు కారణం వెతికేదీ, నేరమైతే దర్యాప్తు చేసేదీ ఒకే స్టేషన్ కావడం ఇప్పటి పద్ధతిలోని బలహీనత. పంచాయతీదారులను పిలిచేది కూడా అదే స్టేషను.

పంచనామా పరిధి చిన్నది. ఎవరు కొట్టారు, ఎలా కొట్టారు అన్న వివరాలు అందులో ఉండనక్కర్లేదని ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన పెద్ద నారాయణ కేసులో సుప్రీంకోర్టు 1975లో తేల్చింది. అయినా డిఫెన్సు లాయర్లు మొదట తిరగేసే కాగితం ఇదే. ఇందులో లేని గాయం తర్వాత శవపరీక్షలో కనిపిస్తే క్రాస్ ఎగ్జామినేషన్ అక్కడే మొదలవుతుంది.

ఘటనాస్థలంలో

ముందు చూడాల్సింది ప్రాణం ఉందా లేదా అన్నది. ఊపిరి కొంచెమున్నా ఆధారాల సంగతి పక్కనపెట్టి ఆస్పత్రికి తరలించాలి. చనిపోయారని చెప్పాల్సింది డాక్టరు, కానిస్టేబుల్ కాదు. ఆ తర్వాత తాడు కట్టి జనాన్ని దూరం జరపడం, లోపలికి ఎవరెవరు వెళ్లొచ్చారో రాసుకోవడం, శవాన్ని కదల్చక ముందే ఫొటోలు, వీడియో తీయించడం జరగాలి. ఏడేళ్లు, అంతకు మించి శిక్ష పడే నేరమైతే ఫోరెన్సిక్ నిపుణులు ఘటనాస్థలికి రావాలని కొత్త చట్టం 176వ సెక్షన్ చెబుతోంది. దాన్ని అమల్లోకి తెచ్చుకోవడానికి రాష్ట్రాలకు ఐదేళ్ల గడువుంది.

ఉరి కేసుల్లో ముడి విప్పకూడదు. తాడును ముడికి దూరంగా కోసి, కోసిన కొసలకు గుర్తు కట్టాలి. పుస్తకంలో మాట ఇది. వాస్తవంలో పోలీసులు వెళ్లేసరికి ఇంటివాళ్లు శవాన్ని దించి, మంచం మీద పడుకోబెట్టి, ముఖం తుడిచి ఉంటారు. అది సహజం, దాన్ని నేరంలా చూడకూడదు. ఎవరు దించారు, దేంతో కోశారు, ఆ తాడు ఇప్పుడెక్కడుంది అని అడిగి రాసుకోవాలి. మెడమీద గుర్తు ఏటవాలుగా, పైకి, మధ్యలో తెగినట్టు ఉంటే ఉరికి సూచన. అడ్డంగా, కిందుగా, మెడ చుట్టూ పూర్తిగా ఉంటే గొంతు బిగించారేమోనని చూడాలి.

చనిపోయాక నెత్తురు శరీరంలో కిందివైపుకు దిగి చర్మం ఊదారంగుకు తిరుగుతుంది. ఈ మచ్చ సుమారు ఆరు నుంచి పన్నెండు గంటల్లో స్థిరపడుతుంది. వెల్లకిలా ఉన్న శవానికి అది వీపున కాక ఛాతీమీద కనబడితే, ఆలస్యంగా ఎవరో తిప్పారన్నమాట. శవం బిగుసుకోవడాన్ని బట్టి సమయం అంచనా వేసేటప్పుడు మాత్రం మన ఎండలను మరిచిపోకూడదు. వేడికి ఆ బిగువు తొందరగా వచ్చి తొందరగా సడలిపోతుంది.

పెనుగులాట జరిగిందన్న అనుమానముంటే చేతులకు కాగితపు సంచులు తొడగాలి, ప్లాస్టిక్‌వి కావు. తడిసిన బట్టలను నీడన ఆరబెట్టాకే మూట కట్టాలి. మార్చురీ దాకా శవం వెంట ఒక కానిస్టేబుల్ ఉండాలి. విషప్రయోగం అనుమానమైతే డాక్టరు కడుపు, కాలేయం, మూత్రపిండాల భాగాలను గాఢమైన ఉప్పునీళ్లలో భద్రపరచి ఫోరెన్సిక్ ల్యాబుకు పంపుతారు. ఆ నివేదిక వచ్చేదాకా మరణకారణంపై అభిప్రాయం నిలిచిపోతుంది.

పోలీసుల చేతిలో ఉంచనివి

పెళ్లయిన ఏడేళ్లలోపు మహిళ ఆత్మహత్య చేసుకున్నా, అనుమానాస్పదంగా చనిపోయినా శవపరీక్షకు పంపాల్సిందే. పంచనామా తహసీల్దార్ చేస్తారు. కస్టడీ మరణంపై జ్యుడీషియల్ మేజిస్ట్రేటు విచారణను 2005 నాటి సవరణ తప్పనిసరి చేసింది. జాతీయ మానవ హక్కుల కమిషన్‌కు 24 గంటల్లో తెలియజేయాలన్న ఆదేశం 1993 నుంచే ఉంది. ఎన్‌కౌంటర్ మరణాలకు ఎఫ్ఐఆర్, సీఐడీ లేదా వేరే స్టేషన్ ద్వారా స్వతంత్ర దర్యాప్తు ఉండాలని సుప్రీంకోర్టు 2014లో పీయూసీఎల్ కేసులో నిర్దేశించింది.

గొర్రెకుంట బావి

వరంగల్ శివార్లలోని గొర్రెకుంటలో 2020 మే 21, 22 తేదీల్లో ఒకే బావి నుంచి తొమ్మిది మృతదేహాలు బయటపడ్డాయి. లాక్‌డౌన్ రోజులు, వలస కార్మికులు. ఆత్మహత్య అన్న ఊహ అందరికీ సులభంగా తోచింది. అయితే దేహాలపై ఈడ్చుకెళ్లిన గీతలున్నాయి. ఒక వ్యక్తి భోజనంలో నిద్రమాత్రలు కలిపి, స్పృహ తప్పినవాళ్లను గోనెసంచుల్లో తెచ్చి బావిలో పడేసినట్టు దర్యాప్తులో తేలింది. అంతకుముందు మార్చిలో, మృతుల్లోని ఒక కుటుంబానికి బంధువైన మహిళను రైల్లో చంపి, నిడదవోలు ప్రాంతంలో బయటికి తోసేసిన సంగతిని కప్పిపుచ్చడానికే ఇదంతా. విచారణ కోర్టు ఆ అక్టోబరులోనే దోషికి ఉరిశిక్ష విధించింది. మొదటి ఊహతోనే పంచనామా ముగించి ఉంటే మార్చి నాటి హత్య కూడా మరుగునపడేది.

పరిహారం

రైతు ఆత్మహత్యల్లో పంచనామాకు మరో బరువుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2004లో ఇచ్చిన జీవో 421 ప్రకారం మండల స్థాయిలో తహసీల్దార్, ఎస్సై, వ్యవసాయాధికారి పరిశీలించాక, పరిహారానికి అర్హత ఉందో లేదో డివిజన్ కమిటీ నిర్ణయిస్తుంది. తెలంగాణ 2015లో జీవో 194తో పరిహారాన్ని ఆరు లక్షలకు పెంచింది. ఎఫ్ఐఆర్, పంచనామా, శవపరీక్ష నివేదిక, ల్యాబ్ నివేదిక అన్నీ ఆ ఫైల్లో ఉండాలి. అప్పుల సంగతి అడగకుండా, అలవాటుగా ‘కడుపునొప్పి భరించలేక పురుగుల మందు తాగాడు’ అని రాసేస్తే, పట్టాదారు పాసుపుస్తకం, బ్యాంకు నోటీసు, వడ్డీ వ్యాపారి ప్రోనోటు పట్టుకుని భార్య ఆర్డీవో ఆఫీసు చుట్టూ తిరిగినా కమిటీ ముందుగా చదివేది ఆ ఒక్క వాక్యమే.