'ట్రై చేస్తాం సార్' అంటే అవుననా, కాదనా? విదేశీ టీములతో పనిచేసేవారికి కల్చర్ ట్రైనింగ్

మా ఖాలా కొడుకు హైటెక్ సిటీలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనిచేస్తాడు. టీములో సగం మంది ఇక్కడ, సగం మంది జర్మనీలో. ఒక మంగళవారం కాల్‌లో అక్కడి మేనేజర్ 'శుక్రవారానికి అయిపోతుందా?' అని అడిగాడు. అవదని మావాడికి తెలుసు. పెద్దాయన మాట మీద కాదనలేక 'ట్రై చేస్తాం సార్' అన్నాడు. మన దగ్గర ఆ మాటకు అర్థం ఎవరూ విడమరచి చెప్పక్కర్లేదు, కష్టమే అని. ఆ మేనేజర్ మాత్రం అయిపోతుందని రాసుకుని, కస్టమర్‌కు మాట ఇచ్చేశాడు. శుక్రవారం వచ్చింది, పని అవలేదు. ఆలస్యం అయినందుకంటే మంగళవారమే ఎందుకు చెప్పలేదన్నదే ఆయన కోపం. 'నేనేం అబద్ధం చెప్పాను భాయ్' అని మావాడు ఇప్పటికీ బాధపడతాడు.

ఇలాంటి చోట్ల పనికొచ్చేదే ఇంటర్‌కల్చరల్ ట్రైనింగ్. ఆఫీసుల్లో కల్చర్ ట్రైనింగ్ అంటారు. వేర్వేరు దేశాల వాళ్లు కలిసి పనిచేసేటప్పుడు ఒకరి మాట తీరు ఇంకొకరికి అర్థమయ్యేలా ఇచ్చే శిక్షణ ఇది. మన ఇళ్లలో ఒకరు గల్ఫ్‌లో, ఒకరు అమెరికా షిఫ్టులో ఉండటం మామూలైపోయింది కాబట్టి ఇంట్లోవాళ్లకూ దీని సంగతి తెలిస్తే మంచిదే.

దీని మూలాలు కంపెనీల్లో లేవు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అమెరికా ప్రభుత్వం తన దౌత్య ఉద్యోగులకు శిక్షణ ఇచ్చే సంస్థలో ఎడ్వర్డ్ హాల్ అనే మానవ శాస్త్రవేత్త పాఠాలు చెప్పేవారు. భాష, వ్యాకరణం నేర్పి పంపితే సరిపోదని, సమయం, దూరం, మౌనం కూడా దేశాన్ని బట్టి అర్థం మార్చుకుంటాయని ఆయన 1959లో 'ది సైలెంట్ లాంగ్వేజ్' పుస్తకంలో రాశారు. 1976లో ఇంకో పుస్తకంలో సమాజాల మధ్య ఒక తేడా వివరించారు. కొన్నిచోట్ల అర్థం అంతా మాటలోనే ఉంటుంది. కొన్నిచోట్ల సగం మాటలో, సగం సందర్భంలో ఉంటుంది. మనం రెండో రకం. ఇంటికొచ్చిన చుట్టం 'చాయ్ వద్దు, ఇప్పుడే తాగొచ్చా' అంటే మన అమ్మలు పొయ్యి ఆర్పేస్తారా?

తర్వాత వచ్చిన పెద్ద పేరు హాఫ్‌స్టెడ్. నెదర్లాండ్స్‌కు చెందిన ఈయన 1967 నుంచి 1973 వరకు ఐబీఎం ఉద్యోగుల నుంచి సేకరించిన లక్షకు పైగా ప్రశ్నాపత్రాలను విశ్లేషించి 1980లో పుస్తకం వేశారు. పైవాడికి, కిందివాడికి మధ్య ఎడం ఉండటాన్ని జనం ఎంత మామూలుగా తీసుకుంటారో దేశం వారీగా అంకెలు ఇచ్చారు. భారత్‌కు 77, అమెరికాకు 40, డెన్మార్క్‌కు 18. కామర్స్ చదివేటప్పుడు ఇవి బట్టీపట్టినవాళ్లలో నేనూ ఒకణ్ణి. పరీక్షకు పనికొచ్చాయి. కానీ ఒకే కంపెనీ ఉద్యోగులను అడిగి దేశం మొత్తానికి అంకె వేయడం ఏమిటని 2002లో మెక్‌స్వీనీ అనే పరిశోధకుడు గట్టిగానే ప్రశ్నించారు. నాకూ ఆ మాటే సరైందనిపిస్తుంది. కడప కుర్రాడికీ, చండీగఢ్ అమ్మాయికీ ఒకే 77 ఎలా సరిపోతుంది? 'జర్మన్లు ఇంతే, జపాన్ వాళ్లు ఇంతే' అని స్లైడ్లు తిప్పే ట్రైనర్ దొరికితే ఆ పూట వృథా అయినట్టే.

మెత్తగా చెప్పడం ఎంత దూరం తీసుకెళ్తుందో విమానయానంలో ఒక ఘటన ఉంది. 1990 జనవరి 25న కొలంబియా నుంచి న్యూయార్క్ వెళ్తున్న అవియాంకా విమానం 52ను వాతావరణం బాగోక గంటకు పైగా గాల్లోనే ఆపి ఉంచారు. ఇంధనం అయిపోతోందని, తమకు ప్రాధాన్యం కావాలని సిబ్బంది చెప్పారు. 'ఎమర్జెన్సీ' అన్న మాట మాత్రం వాడలేదు. ఆ మాట లేకపోవడంతో కింద ఉన్న కంట్రోలర్లకు ప్రమాదం తీవ్రత అందలేదు. విమానం లాంగ్ ఐలాండ్‌లో కూలింది. 158 మందిలో 73 మంది చనిపోయారు. కారణాలు చాలానే ఉన్నాయి, కానీ అత్యవసరమని స్పష్టంగా చెప్పకపోవడాన్ని దర్యాప్తు అధికారులు వాటిలో ఒకటిగా రాశారు.

మంచి ట్రైనింగ్ ఎలా ఉంటుంది?

ఉపన్యాసం తక్కువ, సాధన ఎక్కువ ఉంటుంది. అమెరికాలోని ఇల్లినాయ్ యూనివర్సిటీ మనస్తత్వవేత్తలు 1960లలో ఒక పద్ధతి తయారుచేశారు. ఒక చిన్న ఘటన చెప్పి, అవతలివాడు ఎందుకలా చేశాడో నాలుగు జవాబుల్లోంచి ఎంచుకోమంటారు. తప్పు ఎంచుకుంటే ఎందుకు తప్పో చెబుతారు. 'బార్న్‌గా' అని ఒక పేకాట ఉంది. 1980లో శివశైలం త్యాగరాజన్ తయారుచేశారు. ఒక్కో బల్లకు నియమాలు కొంచెం తేడాగా ఇస్తారు, ఆ సంగతి చెప్పరు, మాట్లాడనివ్వరు. గెలిచినవాళ్లు పక్క బల్లకు మారగానే అయోమయం మొదలవుతుంది. అవతలివాళ్లు మోసం చేస్తున్నారనే అందరూ అనుకుంటారు. మా ఖాలా కొడుకు కథ అచ్చం ఇదే. డబ్బులు పెట్టి ఆడేది కాదు లెండి, కంగారుపడొద్దు.

రెండు చేతులతో విజిటింగ్ కార్డు ఇవ్వడం లాంటివి అరగంటలో నేర్చుకోవచ్చు. అసలు కష్టం 'కాదు', 'అర్థం కాలేదు' అని చెప్పడంలో ఉంది. 'ట్రై చేస్తాం' బదులు 'శుక్రవారానికి కాదు, సోమవారానికి ఇస్తాం, టెస్టింగ్ మిగిలింది' అనాలి. ఇన్షా అల్లాహ్ అనడం మానక్కర్లేదు. తేదీ చెప్పి అనండి. తేదీ లేకుండా అంటే చాలామంది విదేశీయులు దాన్ని 'చూద్దాంలే' అని వింటారు.

మరి వాళ్లేం నేర్చుకుంటారు?

ఇక్కడే నాకు కోపం. 2000ల్లో మన కాల్ సెంటర్లలో పిల్లలకు అమెరికన్ యాస నేర్పి, ఫోన్‌లో వాడటానికి కొత్త పేర్లు పెట్టారు. మార్పంతా ఒకవైపే. అవతలి మేనేజర్‌కూ నేర్పాల్సింది ఉంది. 'అర్థమైందా?' అని అడిగితే అందరూ అవుననే అంటారు. 'ఏం చేయబోతున్నారో చెప్పండి, ఏం అడ్డుంది?' అని అడగాలి.

పండుగలు, సెలవులు కూడా ఇందులోవే. సౌదీలో 2013 నుంచి వారాంతం శుక్ర, శనివారాలు. యూఏఈ ప్రభుత్వ ఆఫీసులు 2022 జనవరి నుంచి శుక్రవారం సగం రోజు పనిచేసి శని, ఆదివారాలు సెలవు తీసుకుంటున్నాయి. హైదరాబాద్ నుంచి రెండింటితోనూ పనిచేసే టీముకు ఇది తెలియకపోతే గురువారం సాయంత్రం రియాద్‌కు పంపిన మెయిల్ ఆదివారం దాకా తెరిచేవారుండరు.

షేక్‌హ్యాండ్ సంగతి చాలామంది అమ్మాయిలు అడుగుతారు. స్వీడన్‌లో ఒక ముస్లిం యువతి ఇంటర్వ్యూలో పురుషుడికి చేయి ఇవ్వకుండా గుండె మీద చేయి పెట్టుకుని సలాం చేసింది. ఇంటర్వ్యూ అక్కడితో ఆపేశారు. 2018లో అక్కడి లేబర్ కోర్టు ఆమెకు 40 వేల క్రోనార్ల పరిహారం ఇప్పించింది. ప్రతి దేశంలో చట్టం ఇలాగే ఉంటుందని కాదు. వెళ్లే ముందు అక్కడి పద్ధతి కనుక్కోవడం, మన పద్ధతి నవ్వుతూ ముందే ఒక్క మాట చెప్పడం రెండూ అవసరమే.

విదేశానికి పంపేటప్పుడు కొన్ని కంపెనీలు ఈ ట్రైనింగ్ కుటుంబానికి కూడా ఇస్తాయి. మీ ఇంట్లోవాళ్లకు అలాంటి ఆఫర్ వస్తే, సంతకం పెట్టే ముందే హెచ్ఆర్‌ను మూడు విషయాలు అడగండి: ట్రైనింగ్ ఉందా, కుటుంబానికీ ఇస్తారా, అక్కడి టీము కూడా కూర్చుంటుందా.