గుర్రంకొండసీమ: నేల వాలు, నీటి త్రోవ

గుర్రంకొండ చరిత్ర యనగానే దుర్గము, నవాబులు, ఫిరంగులు జ్ఞప్తికి వచ్చును. వానిని గూర్చియు చెప్పెదను గాని, ముందుగా నీటిని గూర్చి చెప్పవలసియున్నది. కోటమీద పతాకములు పలుమార్లు మారినను కోటక్రింది నేల వాలు మారలేదు. ఈ సీమలో ఏ పైరు నిలుచును, ఏ త్రోవను దండు నడచును, ఏ యేట కడుపు నిండును అను ప్రశ్నలకు ఆ వాలే చాలవఱకు సమాధానము చెప్పుచు వచ్చినది.

భారతదేశపు పటము నొకసారి మనసున నిలుపుకొనుడు. హిమవత్పర్వతములు, గంగామైదానము ఉత్తరమున నుండనిండు. వింధ్యకు దక్షిణముననున్న పీఠభూమి, పడమటి కోళ్లను ఎత్తి, తూర్పు కోళ్లను దించిన మంచము వంటిది. పడమటి అంచున సహ్యాద్రి గోడవలె నిలిచియున్నది. గోదావరి త్ర్యంబకమునను, కృష్ణ మహాబలేశ్వరమునను పుట్టుచున్నవి. పడమటి సముద్రము అచ్చటికి చేరువనే యున్నను ఆ నదులు దానివంక తిరిగి చూడక, వందల మైళ్లు నడచి తూర్పు సముద్రమున కలియుచున్నవి. వాలు అట్లున్నది.

నైరృతి మేఘములు ఆ గోడను ఎక్కుచు చల్లబడి, తమ బరువును అచ్చటనే దించివేయును. మహాబలేశ్వరమున ఏటికి 200 అంగుళములకు మించి వాన కురియును. గోడ దిగి మనవైపు వచ్చు గాలి వేడెక్కి పొడిగా నుండును. దేశమునకంతటికి సగటు వర్షపాతము సుమారు 1160 మిల్లీమీటర్లు. మదనపల్లె ప్రాంతమునకు సుమారు 700, అనగా 28 అంగుళములు. ఇక తూర్పు సముద్రమునుండి ఆశ్వయుజ కార్తికములలో వచ్చు వాయుగుండములున్నవి గదా యందురేమో. వాని మొదటి పాలు నెల్లూరు తీరమునకును, తరువాతి పాలు శేషాచలము, పాలకొండలకును పోవును. మనకు మిగిలినది మనకు వచ్చును. రెండు గోడల నడుమ నున్నవారమగుటచే రెండు ఋతువులలోను వాన కొఱకు ఎదురుచూచుటయే మన పంచాంగమైనది.

ఈ సీమయందే నేల రెండువైపులకు వాలుచున్నది. మదనపల్లె, పుంగనూరు, కుప్పము మూడును సముద్రమట్టమునకు రెండువేల అడుగులకు పైనున్నవి. గుర్రంకొండ, మదనపల్లెలవైపు కురిసిన వాన బాహుదాది వాగులగుండ చెయ్యేటికి, అటనుండి పెన్నకు పోయి, నెల్లూరుకడ సముద్రమును చేరును. పలమనేరుమీదుగా పాఱు కౌండిన్యయు, కుప్పముసీమను తాకి పోవు పాలాఱును తమిళదేశమునకు పోవుచున్నవి. ఇంటి వెన్నుదూలముమీద పడిన చినుకువలె ఒకటి ఈ చూరుకు, ఒకటి ఆ చూరుకు జాఱును. నీరు మన మీదుగా పోవుచున్నదే గాని మనకొఱకు నిలుచుట లేదు. క్రింద నల్లఱాయి, మీద పలుచని ఎఱ్ఱమన్ను. లోనికి ఇంకి దాగుటకును తావు తక్కువ.

ఇట్టి నేలయందు పూర్వులు చేసిన యుపాయము చెఱువు. మనకు ఉత్తరముగా బద్వేలుసీమలోని పోరుమామిళ్ల చెఱువుకడ శాలివాహన శకము 1291, అనగా 1369వ సంవత్సరపు సంస్కృత శాసన మొకటి యున్నది. బుక్కరాయల కుమారుడు భాస్కర భవదూర మహారాజు ఆ చెఱువును కట్టించెను. వేయిమంది కూలీలు, నూఱు బండ్లు, రెండేండ్లకాలము పట్టినదని శాసనము చెప్పుచున్నది. అంతకంటె విలువైన సంగతి యేమనగా, మంచి చెఱువునకు పండ్రెండు అంగములను, చెడ్డ చెఱువునకు ఆఱు దోషములను అందు చెక్కించిరి. ధర్మబుద్ధిగల ప్రభువు, జలశాస్త్ర మెఱిగిన బ్రాహ్మణుడు, గట్టినేల, తీయని నీటి ఏఱు, దానిని ఒరసికొనియున్న కొండల నడుమ మిక్కిలి నిడుపుగాని గట్టి ఱాతికట్ట, లోతైన గర్భము, చేరువనే నిటారు ఱాతిగని, నేర్పరులైన పనివాండ్రు, ఇవి అంగములలోనివి. కట్ట ఊరుట, చౌటినేల, చెఱువు నడుమ మిట్ట, నీరు కొంచెమై ఆయకట్టు పెద్దదగుట, నీరు మిక్కుటమై నేల తక్కువగుట, ఇవి దోషములు. ఆఱవ దోషము, రెండు రాజ్యముల పొలిమేరయందు చెఱువుండుట! దీనిని చదివి, ప్రభువుల తగవునకు భయపడి వ్రాసిరి కాబోలునని నవ్వుకొనువారుందురు. పాలాఱు విషయమున మద్రాసు, మైసూరు ప్రభుత్వములు 1892లో ఒడంబడిక వ్రాసికొనవలసివచ్చెను. కుప్పముకడ అదే యేటిపై ఆనకట్ట తలపెట్టగా 2006లో తమిళనాడు ప్రభుత్వము సుప్రీంకోర్టునకు పోయెను. శాసనకర్త మాట అయిదువందల, ఆఱువందల ఏండ్లకును చెల్లుచున్నది.

ఇక దుర్గము. మైసూరు మెట్టనుండి కడపపల్లమునకు దిగు దారులను కనిపెట్టియుండుటకు ఈ నిటారు గుట్ట తగినది. కొండను ఒక గుఱ్ఱము కాచుచుండెడిదనియు అందుచేతనే ఆ పేరనియు జనులు చెప్పుదురు, అది కథ. కడప నవాబులు, మహారాష్ట్రులు, హైదరాలీ, టిప్పు సుల్తాను ఒకరి తరువాత నొకరు దీనికై పోరిరి. 1791లో నిజాము సైన్యము కుంపిణీవారి తోడ్పాటుతో ముట్టడించెను. 1792 శ్రీరంగపట్టణపు సంధిచే ఈ సీమ నిజామునకును, 1800లో కుంపిణీకిని చేరెను. ఇందఱికిని కావలసినది కోట యొక్కటియే కాదు, కోటక్రింది సిస్తు. సిస్తు చెఱువుక్రింది మడినుండి వచ్చును. చెఱువు కట్టించినవారికి దశబంధపు ఇనాము ఇచ్చి, మరమ్మతుభారమును వారిమీద నుంచు ఆచారము అందుచేతనే వెలసినది.

1800 నుండి 1807 వఱకు దత్తమండలముల ప్రధాన కలెక్టరుగా నుండిన థామస్ మన్రో, రైతులతో నేరుగా సిస్తు నిర్ణయించు పద్ధతిని ఇచ్చట నాటెను. మధ్యవర్తులైన పాళెగాండ్ర బలము తగ్గినది, అది మేలే. కాని సర్కారునకు సిస్తు చెల్లించితిమి గదా, కట్టకు మట్టి మేమేల వేయవలెనను తలంపు మెల్లగా పాకినది. 1858లో గ్రామస్థులచే చెఱువుపని చేయించుటకు మద్రాసు ప్రభుత్వము చట్టమే చేయవలసివచ్చెను. చట్టముతో పని జరిగినయెడల ఇంకేమి! 1876 మొదలు 1878 వఱకు వచ్చిన మహాకఱవునందు దక్షిణదేశమున లక్షలాది జనులు మడిసిరి. దత్తమండలములు మిక్కిలి దెబ్బతిన్న వానిలోనివి. నాడు సహాయపు పనులలో మగకూలికి రోజునకు ఒక పౌను ధాన్యము, ఒక అణా చాలునని 1877లో సర్ రిచర్డు టెంపులు నిర్ణయించెను. ఆ గింజలతో మనిషి ఱాయి కొట్టగలడా యని నాడే వైద్యాధికారులు వాదించిరి.

వాన తక్కువతనము కొన్నింటికి అనుకూలమైనది. పొడిగాలి క్షయరోగులకు హితమని మదనపల్లెకడ ఆరోగ్యవరమున శానిటోరియము 1915 నాటికి వెలసినది. మేత తక్కువగు సీమలో పుంగనూరు ఆవు రూపుదిద్దుకొన్నది. రెండుమూడు అడుగుల పొడవు, కొద్దిమేత, వెన్నగల పాలు. మన కుప్పమునకు చేరువనే యున్న కోలారు బంగారుగనులు సుమారు 120 ఏండ్లు త్రవ్వబడి 2001లో మూతపడినవి. రాగి, ఉలవ, అనప పాతవి. వేఱుసెనగ దక్షిణ అమెరికానుండి వచ్చిన చుట్టము. నేడు మదనపల్లె టమాట సంత దేశమున పేరుపడ్డది. ఎత్తునేలపై ఎండ కొంత తక్కువగుటచే, ఇతర చోట్ల కాపు తగ్గిన వేసవియందు ఇచ్చట కాయ దిగును. 2023 జూలైలో కిలో నూఱు రూపాయలు దాటినది. మఱికొన్ని యేండ్లలో కోతకూలి రాక కాయను రోడ్డుప్రక్కన పాఱబోసిరి. రాగి సంగటి తినువాని కీ జూదము లేదని మా తాతలతరమువా రనియుందురు. ఆ రాగితో బిడ్డను పట్టణమున చదివింపలేరని నేను బదులు చెప్పియుందును.

ఆ టమాట బోరుబావి నీటిపై పండుచున్నది. కపిల తోలినప్పుడు ఎద్దులు అలసినచో బావి ఊరుటకు వ్యవధి యుండెడిది. మోటారునకు అలుపు లేదు. నల్లఱాతి పగుళ్లలోని నీరు చెఱువు నిండిననే మఱల ఊరును. చెఱువు నిండవలెనన్న వంక పాఱవలెను. వంకలు పలుచోట్ల పూడినవి, లేదా ఇండ్లస్థలములైనవి. నీటిని ఆపు తావులు తఱిగినచో వాన వచ్చిన నాడు ఏమగునో 2021 నవంబరు 19న చూచితిమి. చెయ్యేటిపైనున్న అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట కొట్టుకొనిపోయి, రాజంపేట వైపు పల్లెలు మునిగి, పలువురు ప్రాణములు కోల్పోయిరి. నాడు చెయ్యేట ఉఱికిన వఱదలో మన మెట్టలనుండి దిగిన నీరును కలదు.

ఇప్పుడు హంద్రీ నీవా కాలువగుండ కృష్ణాజలము వచ్చుచున్నది. 2025 ఆగస్టులో కుప్పముసీమను చేరినది. శ్రీశైల జలాశయపు నిండుమట్టము 885 అడుగులు. అచ్చటనుండి మెట్టుమెట్టుగా యంత్రములచే రెండువేల అడుగులకు పైకి తోడుచున్నారు. సహ్యాద్రి ఆపివేసిన మేఘమే నదియై, దేశమును సగము చుట్టి, విద్యుత్తు భుజములపై మన చెఱువునకు వచ్చుచున్నదన్నమాట. ఇది చిన్న ఘనకార్యము కాదు. అయినను తోడిన ప్రతి బొట్టునకును కరెంటు వెల కలదు. మన కొండమీద కురిసిన బొట్టునకు వంక శుభ్రముగా నున్న చాలును. పాత సర్వే పటములలో చెఱువు, కట్ట, వంకలు గుర్తింపబడియున్నవి. తొలకరికి ముందు ఊరిపెద్దలు నలుగురు ఆ పటము చేతబట్టుకొని, మరవనుండి ఎగువకు వంకవెంట నడచినయెడల, అది యెవరి పొలములో, యెవరి గోడక్రింద ఆగిపోయినదో ఒక పూటలో తెలియును.