ఫ్లాపీ పళ్లెము: పుట్టుక, రుగ్మతలు

తాళపత్రమును చెద తినును; కాగితమును తడి చెరుచును. వ్రాతను దాచు ప్రతి వస్తువునకును దాని శత్రువు దాని వెంటనే పుట్టుచున్నది. నిన్నమొన్నటి వ్రాతసాధనమగు ఫ్లాపీ పళ్లెమునకును ఇట్టి శత్రువులు కలవు. దాని చరిత్రమును, దానిని చదువు డ్రైవునకు గలుగు రుగ్మతలను నేడు మనవి చేసెదను.

ఫ్లాపీని తొలుత నిర్మించినవారు అమెరికాలోని ఐ.బి.యం. సంస్థవారు. 1971లో వెలువడిన ఆ పళ్లెము అడ్డుకొలత 8 అంగుళములు. పెద్ద కంప్యూటరునకు ఆరంభసూచనల నందించుటయే నాడు దాని పని. 1975 జనవరిలో ఆల్టెయిర్ 8800 అను యంత్రము విడిభాగములుగా లభించునని ఒక పత్రిక ప్రకటింపగా, ఇంటనే కంప్యూటరును కూర్చుకొను ఉత్సాహము ప్రబలెను. ఆ మార్చి 5న కాలిఫోర్నియాలోని మెన్లోపార్కున ఒక కారుకొట్టములో అభిమానులు సమావేశమై హోమ్‌బ్రూ కంప్యూటర్ క్లబ్బును ప్రారంభించిరి. అట్టివారిలో పెక్కురకు వ్రాత దాచుటకు పాటల క్యాసెట్టు టేపులే గతి. 1976లో షుగార్టు అసోసియేట్సు వారు 5¼ అంగుళముల డ్రైవును తెచ్చిరి. 1978లో స్టీవ్ వోజ్నియాక్ కొద్దిపాటి చిప్పులతోనే ఆపిల్ యంత్రమునకు డ్రైవును నడుపు పలకను రచించెను. 1981లో సోనీవారి 3½ అంగుళముల పళ్లెము వచ్చెను. 1987 నాటికి అందు 14,74,560 బైట్లు పట్టుచుండెను. లెక్క తేలికయే: ముఖములు 2, ముఖమునకు వలయములు 80, వలయమునకు ఖండములు 18, ఖండమునకు బైట్లు 512.

అయస్కాంతపు పూత గల ఈ పలుచని పళ్లెము నిమిషమునకు 300 మారులు తిరుగును. హెడ్డు దానిని తాకుచు వలయమునుండి వలయమునకు జరుగును. ఈ రెండు కదలికలలో దేనికి లోపము గలిగినను చదువు చెడును.

రోగనిదానమునకు ఒక క్రమము కలదు. మొదట పళ్లెమును వెలుగున జూడవలెను. బూజు పట్టినదానిని డ్రైవులో పెట్టరాదు. ఆ మురికి హెడ్డునకు అంటి, తరువాత పెట్టిన మంచి పళ్లెమును గీకును. యంత్రము నడుపగనే డ్రైవు దీపము వెలిగి ఆరకున్నచో, 34 తీగల కేబులు ఒక కొనయందు తలక్రిందుగా తగిలింపబడినదని ఎఱుగవలెను. దాని రంగు అంచు 1వ సూది వైపుండవలెను. ఐ.బి.యం. పద్ధతి యంత్రములలో ఆ కేబులునందు 7 తీగలు మెలివేయబడియుండును. మెలికకు ఆవలి డ్రైవు మొదటిది, ఈవలిది రెండవది. బెల్టుతో తిరుగు పాత డ్రైవులలో బెల్టు సాగి వేగము తగ్గును. చక్రముపై ముద్రించిన గీతలు ట్యూబులైటు వెలుగున కదలక నిలిచినట్లు కనబడిన, వేగము సరియే.

అన్నిటికంటె గూఢమైనది హెడ్డు ప్రక్కకు జరుగుట. ఇది నాకు అనుభవము. నా మేనల్లుడు విడిభాగములు కొనితెచ్చి మా యింట నొక కంప్యూటరును కూర్చెను. మా యూరి వృద్ధులు చెప్పిన చెరువుల కథలను, ఇంటిపేర్ల పుట్టుకలను నేను 12 పళ్లెములలో దాచితిని. మా డ్రైవు వానిని చక్కగా చదువుచుండెను. పాఠశాలలోని యంత్రము ఒక్కదానినైన చదువకుండెను. చూడవచ్చిన మరమ్మతుదారు హెడ్డును క్షణములో సరిచేసెదననెను. మేనల్లుడు అడ్డుపడి, "మామయ్యా, తొందరపడవద్దు. ఈ వంకర హెడ్డు వ్రాసిన వంకర వ్రాతను ఈ వంకర హెడ్డే చదువగలదు. సరిచేసినచో మీ పళ్లెములు మూగవోవును" అనెను. ముందుగా వ్రాతలన్నిటిని హార్డుడిస్కునకు ఎక్కించి, పిమ్మట మరమ్మతు చేయించితిమి. 11 పళ్లెములు దక్కినవి. ఒకటి అప్పటికే బూజుపట్టియుండెను. అందలి కథలు చెప్పినవారు నేడు లేరు.

2011 మార్చిలో సోనీవారు జపానులో ఫ్లాపీల అమ్మకమును నిలిపిరి. కావున మీ పెట్టెలలో ఎవరి పళ్లెములైన ఉన్నచో, చదువగల డ్రైవు దొరకినపుడే ప్రతి తీయింపుడు. పూర్వులు తాళపత్రము శిథిలము కాకమున్నే మరియొక ప్రతి వ్రాసికొనిరి. యంత్రమును బాగుచేయుట రేపైనను సాగును. వ్రాతను కాపాడుట మాత్రము నేటి పని.