విప్పి బిగించుకున్న గొంతు

ఎలక్ట్రిక్ గిటార్ తీగల కింద ఉండే పికప్‌లో వింతేమీ లేదు. అయస్కాంతం చుట్టూ తల వెంట్రుకంత సన్నని రాగి తీగను వేలసార్లు చుడతారు. పైన ఉక్కు తీగ కంపిస్తే ఆ చుట్టలో కాస్త కరెంటు పుడుతుంది. ఆంప్లిఫయర్‌కు చేరేది అదే. చిక్కేమిటంటే, చుట్టుపక్కల కరెంటు లైన్ల రొదను కూడా ఆ రాగి చుట్ట పట్టేస్తుంది.

గిటార్ల కంపెనీ గిబ్సన్‌లో ఇంజనీరు సెత్ లవర్ 1955లో దీనికి విరుగుడు కనిపెట్టాడు. రెండు చుట్టలను పక్కపక్కన పెట్టి, ఒకదానిలో అయస్కాంత ధ్రువాన్నీ కరెంటు దిశనూ తిరగేశాడు. బయటి రొద రెండింటిలో ఎదురెదురై రద్దయిపోతుంది, తీగల నాదం మాత్రం కలిసి బలపడుతుంది. ఇదే హంబకర్. 1957లో గిబ్సన్ వారి లెస్ పాల్ గిటార్లలోకి వచ్చింది. అప్పట్లో చుట్ల లెక్క కచ్చితంగా ఉండేది కాదు కనుక ఒక్కో పికప్‌ది ఒక్కో గొంతు. ‘పేటెంటుకు దరఖాస్తు చేశాం’ అన్న చీటీ అంటించిన ఆనాటి పికప్‌ల కోసం వాద్యకారులు ఇప్పటికీ వెతుకుతూనే ఉన్నారు.

అయితే కొన్న గిటార్‌తో ఏ గొంతు వస్తే దానితోనే సరిపెట్టుకోవడం అప్పటి రివాజు. దాన్ని మార్చింది పెద్ద కంపెనీలు కాదు, మరమ్మతు బల్లల దగ్గర కూర్చున్నవాళ్లు. న్యూయార్క్‌లో గిటార్లు బాగుచేసే లారీ డిమార్జియో 1970ల ఆరంభంలో ‘సూపర్ డిస్టార్షన్’ తయారుచేశాడు. సిరామిక్ అయస్కాంతం, ఎక్కువ చుట్లు. వాల్వ్ ఆంప్లిఫయర్‌ను గర్జించేలా తోసే బలం దానికుంది. కిస్ రాక్ బృందపు గిటారిస్ట్ ఏస్ ఫ్రేలీ దాన్నే వాడాడు. నా మటుకు ఆ బలం కన్నా గొప్ప సంగతి దాని కొలత. అది గిబ్సన్ హంబకర్ ఉన్న చోటే సరిగ్గా పడుతుంది. చెక్క చెక్కనక్కర్లేదు. మరలు విప్పి, టంకం కరిగించి, కొత్తది బిగిస్తే చాలు. రంపం పట్టడానికి జంకే కుర్రవాడికి కూడా తన గిటార్ గొంతు తానే ఎంచుకునే వీలు దక్కింది.

చుట్లు పెరిగితే చప్పుడు పెరుగుతుంది గానీ, తళుక్కుమనే పైస్వరాలు మందగిస్తాయి. బలమే మేలి నాదం అనుకోవడం పొరపాటు. ఈ తూకం గిటార్లు బాగుచేసే మరో అమెరికన్ సేమోర్ డంకన్‌కు బాగా తెలుసు. లండన్‌లో పనిచేస్తున్న రోజుల్లో ఆయన ఒక పాత ఫెండర్ టెలీకాస్టర్ గిటార్‌లో గిబ్సన్ హంబకర్లను తిరిగి చుట్టి అమర్చి, గిటారిస్ట్ జెఫ్ బెక్‌కు ఇచ్చాడు. బెక్ బదులుగా యార్డ్‌బర్డ్స్ బృందంలో ఉన్న కాలం నాటి తన ఫెండర్ ఎస్క్వైర్ గిటార్‌ను ఇచ్చేశాడు. 1975 నాటి ‘బ్లో బై బ్లో’ ఆల్బంలో ఆ టెలీకాస్టర్ పలికింది. మరుసటి ఏడాది డంకన్, భార్య కేథీతో కలిసి కాలిఫోర్నియాలో సొంత పికప్‌ల కంపెనీ పెట్టాడు.

ఇక కర్మాగారాలే వీళ్ల దారికి వచ్చాయి. 1987లో ఐబానెజ్ కంపెనీ గిటారిస్ట్ స్టీవ్ వై కోసం చేసిన జెమ్ గిటార్ డిమార్జియో పికప్‌లతోనే దుకాణానికి చేరింది.